కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే

పర్లాకిమిడిలో మా బావ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. పాత సిస్టమ్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే ఫ్యాన్లు తిరిగాయి, మానిటర్ మీద మాత్రం 'నో సిగ్నల్'. చేతిలో సీజన్ పని ఉండగా అంటే ఎంత టెన్షనో!

ముందు మామూలువన్నీ చూశాం. మానిటర్ కేబుల్ కొత్త కార్డు పోర్టుకే ఉంది. కార్డు స్లాట్‌లో పూర్తిగా దిగి, చివర లాక్ పడింది. స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లే కాబట్టి, పెద్ద కార్డులకు పవర్ సప్లై నుంచి 8 పిన్ కేబుల్ విడిగా ఇవ్వాలి. అదీ గట్టిగానే ఉంది.

అసలు దారి చూపింది కార్డులు మార్చి చూడటం. పాత కార్డు పెడితే బొమ్మ వచ్చింది, అంటే మదర్‌బోర్డు, ర్యామ్ బాగున్నట్టే. కొత్త కార్డేమో పక్కనే ఉన్న పాతపట్నంలో స్నేహితుడి సిస్టమ్‌లో చక్కగా పనిచేసింది. ఇక అనుమానం బోర్డులోని పాత బయోస్ మీద పడింది. బయోస్ అంటే సిస్టమ్ ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డు చిప్‌లోని ప్రోగ్రామ్. కొన్ని పాత బోర్డులు కొత్త కార్డులను అందుకే గుర్తించవు.

పాత కార్డుతోనే ఆన్ చేసి, బోర్డు మోడల్, రివిజన్ నంబరు సరిపోల్చుకుని, తయారీదారు సైట్ నుంచి కొత్త బయోస్ దించాం. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్ మెనూలోంచే అప్‌డేట్ చేశాం. మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు. అందుకే యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగొద్దని గట్టిగా చెప్తాను.

తర్వాత కొత్త కార్డు పెడితే వెంటనే డిస్‌ప్లే వచ్చింది. డ్రైవర్ వేసుకుని బావ ఆ రాత్రే ఎడిటింగ్ మొదలుపెట్టాడు.