ఖాళీ సీటుకు చెయ్యి ఊపకండి

2025 డిసెంబరు 20, శనివారం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సబ్‌స్టేషన్‌లో మంటలు లేచి దాదాపు 1,30,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. సిగ్నళ్లు ఆరిపోయాయి. వేమో అనే కంపెనీ నడిపే, డ్రైవరు లేని కార్లు జంక్షన్లలో ఎక్కడివక్కడ నిలబడిపోయిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆరిపోయిన సిగ్నల్ కనిపిస్తే దాన్ని నాలుగు వైపులా స్టాప్ బోర్డున్న జంక్షన్‌గా, అంటే అందరూ ఆగి వంతులవారీగా కదిలే చోటుగా చూడాలని ఆ కార్లకు నేర్పారు. అయితే అనుమానం వచ్చినప్పుడు ఆఫీసులో కూర్చున్న మనుషుల్ని ఒక మాట అడుగుతాయి. ఆ రోజు అన్నీ కలిసి ఒకేసారి అడిగేసరికి జవాబులు ఆలస్యమయ్యాయని కంపెనీ తర్వాత చెప్పింది.

ఆగిపోయిన కార్ల గురించి అందరూ మాట్లాడారు. నా దిగులు వాటి చుట్టూ ఉన్న మనుషుల గురించి. ఇక్కడ కాలిఫోర్నియాలో చలికాలంలోనే వానలు, ఐదింటికే చీకటి పడుతుంది, గాలివానొస్తే కరెంటు పోతుంది. పైగా చాలా ఇళ్లలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్నారు. అందుకే రాస్తున్నాను. రోడ్డు దాటేటప్పుడు ఫోన్ చూడొద్దు, అటూ ఇటూ చూడండి లాంటివి చెప్పను. అవి అందరికీ తెలుసు.

తెలియనిది ఒకటుంది. మా ఇంట్లోనే చూశాను.

మా మామగారు ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపారు. నవంబరులో ఒక సాయంత్రం మౌంటెన్ వ్యూలో మా సందు చివర, సిగ్నల్ లేని జీబ్రా గీతల దగ్గర నిలబడ్డాం. సన్నగా వాన. డ్రైవరు లేని కారొకటి వచ్చి ఆగింది. మామగారు పేవ్‌మెంట్ అంచున నిలబడి, నువ్వెళ్లు అన్నట్టు చెయ్యి ఊపారు. అది కదల్లేదు. మళ్లీ ఊపారు. కదల్లేదు. ఆయన దాని కోసం, అది ఆయన కోసం. ఈలోగా వెనకున్న పికప్ వాడికి విసుగొచ్చింది. గట్టిగా హారన్ కొట్టి, ఆగిన కారును ఎడమ నుంచి చుట్టేసి ముందుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే మామగారు ‘సరే, మన కోసమే ఆగిందిలే’ అని అడుగేశారు. స్వెటర్ పట్టుకుని వెనక్కి లాగాను. పికప్ సైడ్ మిర్రర్ తగిలి ఆయన చేతిలోని గొడుగు గిర్రున తిరిగింది.

ఇంటికొచ్చాక అడిగాను.

"ఎవరికి చెయ్యి ఊపారు మామయ్యగారూ?"

"డ్రైవరుకి."

"అందులో డ్రైవరు లేడు కదా."

"తెలుసు బాబూ. చెయ్యి ఊరుకోదుగా."

చెయ్యి ఊరుకోదు. గొడవంతా అక్కడే. మన రోడ్ల మీద బతికినవాళ్లకు సైగే ట్రాఫిక్ రూలు. కండక్టరు ‘రైట్ రైట్’ అంటే బస్సు కదులుతుంది, క్లీనరు తలుపు మీద రెండు దెబ్బలు వేస్తే లారీ వెనక్కి వస్తుంది, అరచెయ్యి చూపిస్తే ఆటో ఆగుతుంది. అవతలివాడు తల ఊపాడంటే ఒప్పందం కుదిరినట్టే. ఖాళీ సీటుతో ఆ ఒప్పందం కుదరదు. మీరు చెయ్యి ఊపారు, అది ఆగింది. రెండూ జరిగాయి కాబట్టి మొదటిదాని వల్లే రెండోది జరిగిందనుకుంటారు. అది మీ చెయ్యి చూసి ఆగిందో, గీతల దగ్గర మనిషి ఉన్నాడని ఆగిందో, ఇంకేదో అనుమానం వచ్చి ఆగిందో మీకు తెలియదు. ఎందుకు ఆగిందో తెలియనిది ఎప్పుడు కదులుతుందో కూడా తెలియదు.

ఈ తప్పు యంత్రం కూడా చేసింది. 2016 ఫిబ్రవరి 14న, మౌంటెన్ వ్యూలోనే, ఎల్ కామినో రియల్ అనే రోడ్డు మీద, తనంతట తాను నడిచే గూగుల్ టెస్ట్ కారు కుడివైపు తిరగడానికి అంచుకు జరిగింది. ముందు డ్రెయిన్ చుట్టూ ఇసుక బస్తాలున్నాయి. వాటిని తప్పించుకోవడానికి మళ్లీ లేన్ మధ్యకు రాబోయింది. వెనక బస్సు వస్తోంది. బస్సు నెమ్మదిస్తుందిలే అని కారు అనుకుంది, లోపల కూర్చున్న టెస్ట్ డ్రైవరూ అదే అనుకున్నాడు. బస్సు నెమ్మదించలేదు. కారు గంటకు 2 మైళ్ల లోపు వేగంతో వెళ్లి బస్సు పక్కకు తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పెద్ద బండ్లు దారివ్వడం తక్కువన్న సంగతి ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌కు నేర్పామని గూగుల్ ప్రకటించింది. మా మామగారిని అడిగితే టీ తాగుతూ చెప్పేవారు.

అవతలిది ఆగుతుందిలే అనుకోవడం. అదొక్కటి మానేస్తే మిగతావన్నీ చిన్న విషయాలు.

నడిచేవాళ్లకు

అద్దం లోపలికి చూడకండి. చక్రం చూడండి. ముందు చక్రం మధ్యలో ఉండే గుర్తు గానీ, చువ్వలు గానీ తిరగడం పూర్తిగా ఆగాలి. రాత్రిపూట మనవైపు వచ్చే కారు హెడ్‌లైట్ల వెలుగులో వేగం అంచనా తప్పుతుంది, చక్రం మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఆగాక కూడా పక్క లేన్, ఆ కారు వెనక ఏముందో చూసుకుని కదలండి. మా మామగారి మీదకొచ్చింది రోబో కాదు, దాని వెనకున్న మనిషి.

కారు మీది లైట్లను నమ్మొచ్చా అని అడుగుతారు. వేమో కారు నెత్తిన గుండ్రటి డోమ్ ఉంటుంది, నడిచేవాళ్లకు దారిస్తున్నప్పుడు వెనకవాళ్లకు తెలిసేలా అందులో మనిషి బొమ్మ వస్తుంది. అక్షరాలు కనిపిస్తే అవి ఎక్కాల్సినవాళ్ల పేరులోవి, మీకు సంబంధం లేదు. 2018లో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో (అవును, మనవాళ్ల ఫ్రిస్కోనే) డ్రైవ్.ఏఐ అనే కంపెనీ నారింజ రంగు వ్యాన్లకు స్క్రీన్లు పెట్టి, మీరు దాటేదాకా ఆగుతున్నాను అని అక్షరాలా రాసి చూపించింది. మరుసటేడు ఆ కంపెనీని యాపిల్ కొనేసింది. ఫోర్డ్ 2017లో అద్దం పైన తెల్ల లైట్ల పట్టీతో ప్రయోగం చేసింది. అందుకోసం ఒక మనిషిని సీటు తొడుగులో దాచి కూర్చోబెట్టి వర్జీనియా రోడ్ల మీద నడిపించారు! కారు తనంతట తాను నడుస్తోందని చెప్పడానికి మెర్సిడెస్ నెమలికంఠం రంగు లైటు పెట్టుకుంటానంటే 2023 డిసెంబరులో కాలిఫోర్నియా, నెవాడా ఒప్పుకున్నాయి. అంటే కంపెనీకో భాష. అన్నీ నేర్చుకుని రోడ్డెక్కే ఓపిక ఎవరికుంది? బొమ్మ కనిపిస్తే సంతోషం. చక్రం చూడండి.

నడిపేవాళ్లకు

మన దగ్గర డిప్పర్ కొట్టామంటే ‘నేనొస్తున్నా, ఆగు’ అని. ఇక్కడ చాలామంది దాన్ని ‘మీరు వెళ్లండి’ అని చదువుతారు. రెండూ పూర్తిగా ఎదురు మాటలు. మనిషితోనే ఇంత చిక్కుంటే డ్రైవరు లేని కారుతో లైట్ల మాటలు అసలొద్దు. జంక్షన్‌లో నేరుగా వెళ్లడానికి నాలుగు ఇండికేటర్లూ వేసే మన అలవాటు కూడా ఊళ్లోనే వదిలేసి రండి. నాలుగూ వెలిగితే ఆ బండి చెడిపోయి ఆగిందని అర్థం చేసుకుంటారు.

నాలుగు వైపులా స్టాప్ ఉన్నచోట పూర్తిగా ఆగండి. కొంచెం కొంచెం ముందుకు పాకడం మనుషుల భాష. 2009లో ఒక టెస్టులో గూగుల్ కారు ఇలాంటి జంక్షన్‌ దగ్గరే ఇరుక్కుపోయింది. మిగతా డ్రైవర్లెవరూ పూర్తిగా ఆగక పాకుతూనే ఉండటంతో దానికి వంతు రాలేదు. 2015లో ఆస్టిన్‌లో ఒక సైక్లిస్టు కాలు కింద పెట్టకుండా బ్యాలెన్స్ చేస్తూ నిలబడితే, అతను ఒక అంగుళం కదిలినప్పుడల్లా గూగుల్ కారు బయల్దేరబోయి మళ్లీ ఆగింది. ఇప్పటి కార్లు ఎంతో మెరుగు. అయినా మీ చిన్న కదలిక దానికి పెద్ద మాటే. కదిలితే కదలండి, ఆగితే ఆగండి.

రోబో కారు వెనక వెళ్తుంటే ఎక్కువ దూరం వదలండి. కాలిఫోర్నియాలో ఇలాంటి కార్లకు జరిగే ప్రమాదాలను కంపెనీలు డీఎంవీకి (రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు) 10 రోజుల్లో తెలపాలి. ఆ రిపోర్టుల్లో తరచూ కనబడేది, ఆగిన లేదా నెమ్మదించిన రోబో కారును వెనక నుంచి మనిషి గుద్దడం. ‘ఇక్కడెందుకు ఆగుతుందిలే’ అనుకున్నాడు పాపం. మళ్లీ అదే ‘లే’.

ఇక వరసగా రాసేస్తాను, విడగొట్టే ఓపిక లేదు.

ఆగి ఉన్న రోబో కారును చుట్టేసి వెళ్లకండి. దానికి కనిపిస్తున్న మనిషి మీకు కనిపించకపోవచ్చు. జీబ్రా గీతల దగ్గర నడిచేవాళ్ల కోసం ఆగిన బండిని దాటేయడం కాలిఫోర్నియాలో చట్టరీత్యా నేరం కూడా.

దానికి హారన్ కొట్టి లాభం లేదు, సిగ్గుపడదు. అది మీకు హారన్ కొడితే మాత్రం వెంటనే బ్రేక్ వేయండి. వెనక్కి వస్తున్న బండి మరీ దగ్గరైతే కొట్టే ఏర్పాటు వాటికుంది. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పార్కింగ్ స్థలంలో తెల్లవారుజామున అవి ఒకదానికొకటి హారన్లు కొట్టుకుని చుట్టుపక్కలవాళ్ల నిద్ర చెడగొట్టింది కూడా ఈ ఏర్పాటు వల్లే.

స్కూలు బస్సు దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి, స్టాప్ పలక బయటికొచ్చింది, కాబట్టి అన్నీ ఆగుతాయి అనుకోవద్దు. 2025 సెప్టెంబరులో అట్లాంటాలో వేమో కారు అలాంటి బస్సును చుట్టి వెళ్లింది. తమ ఊళ్లోనూ ఇలా 19 సార్లు జరిగిందని ఆస్టిన్ స్కూల్ డిస్ట్రిక్ట్ లెక్క చెప్పింది. ఆ డిసెంబరులో తప్పు సరిదిద్దడానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ రీకాల్ చేసింది. రీకాల్ అయ్యిందిగా అని నిశ్చింతగా ఉండకండి. బస్సు దిగిన పిల్లాడు ప్రతి చక్రమూ ఆగాకే దాటాలి.

బండిని వెనక్కి తిప్పి టో చేయిస్తుంటే రోబో కార్లకు దూరంగా ఉండమని టో డ్రైవరుకు చెప్పండి. 2023 డిసెంబరులో ఫీనిక్స్‌లో అలా లాక్కెళ్తున్న ఒకే పికప్‌ను రెండు వేమో కార్లు నిమిషాల తేడాలో గుద్దాయి. అది ఎటు పోతుందో రెండూ తప్పుగా అంచనా వేశాయి.

టెస్లాను వీటితో కలపకండి. ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ అని పేరున్నా, మామూలుగా అమ్మే కార్లలో పక్కన బ్రాకెట్లో సూపర్‌వైజ్డ్ అని కూడా ఉంది, డ్రైవరు చూస్తూనే ఉండాలి. చూస్తున్నాడో లేదో మీకు బయట నుంచి తెలియదు. సీట్లో మనిషి ఉన్నాడు కదా అని వాడి కళ్లలోకి చూసి అడుగేయకండి. ఖాళీ సీటు కన్నా ఇదే ఎక్కువ మోసం.

రోబో కారు పోలీసు చేతి సైగల్ని గుర్తిస్తుందంటారు. మీరు పోలీసులు కాదు. జంక్షన్ మధ్యలో నిలబడి దాన్ని నడిపించబోకండి.

పిల్లలు దాని ముందుకు గెంతి ఆగుతుందో లేదో చూస్తున్నారు. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి, ఇక్కడ అదో కేసు కావచ్చు. కానీ ఆట ఆపించండి.

సిగ్నల్ ఆరిపోయి రోబో కారు నిలబడిపోతే దాన్ని చుట్టుముట్టకండి. వేరే దారిలో పొండి.

రోబో కారులోంచి దిగేటప్పుడు వెనక సైకిల్ వస్తోందేమో చూసి తలుపు తీయండి. తలుపు తీసేది మీరు, కారు కాదు.

గుద్దుకుంటే దిగొచ్చి కాగితాలు చూపించే డ్రైవరు ఉండడు. కారు నంబరు, చక్రాలు, లైట్లు, డోమ్, అన్నీ ఫొటో తీయండి. దెబ్బలు తగిలితే 911. ఎవరికి ఎంత చిన్న దెబ్బ తగిలినా, లేదా నష్టం 1,000 డాలర్లు దాటినా మీ బండి నడుపుతున్నది మీరైతే, ప్రమాదం గురించి తెలిపే ఎస్‌ఆర్-1 ఫారం 10 రోజుల్లో డీఎంవీకి మీరు గానీ, మీ ఇన్సూరెన్స్ ఏజెంటు గానీ పంపాలి. తప్పెవరిదన్న లెక్క లేదు, పంపాల్సిందే. ‘వీడియో వాళ్ల దగ్గర ఉంటుందిలే’ అని ఊరుకోకండి.