సొంతంగా వాదించుకునేవారికి సాయం: తేడా ఎక్కడ వస్తుంది, ఎలా సరిచేయాలి

బెంగళూరు సివిల్ కోర్టుల్లో లాయరు లేకుండా తమ కేసు తామే నడుపుకునే తెలుగువాళ్ళకు తోడు వెళ్ళేవారి కోసం ఇది. కాగితాలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, మనిషికి తెలిసింది తెలుగు. చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

సమన్లు వచ్చాయి, జవాబు వేయలేదు
సమన్ల మీది వాయిదా తేదీ చూసి అప్పటిదాకా టైముందనుకుంటారు. రాతపూర్వక జవాబు వేయడానికి గడువు సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు. కారణాలు నమోదు చేసి కోర్టు పొడిగిస్తే 90 దాకా. వాణిజ్య దావాల్లో 120 దాటితే ఇక తీసుకోరు. అందుకే మొదట అడగాల్సింది "అమీనా (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) ఏ రోజు వచ్చాడు?" అని. తర్వాతి వాయిదాలను ఈకోర్ట్స్ యాప్‌లో కేసుకు ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొట్టి వాళ్ళే చూసుకునేలా నేర్పండి.

ఎక్స్‌పార్టీ చేశారు
అంటే మనిషి హాజరు కాలేదని, లేకుండానే కేసు నడపడం. డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) కాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 7 కింద అర్జీ. అయిపోతే రూల్ 13, డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో. సమన్లు సరిగా అందకపోతే ఆ లెక్క డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి.

తోడొచ్చిన బావమరిది మాట్లాడబోతే జడ్జిగారు కూర్చోమన్నారు
జీపీఏ (తన తరఫున పనులు చేయమని ఇచ్చే అధికారపత్రం) ఉంటే కాగితాలు దాఖలు చేయొచ్చు, వాదించే హక్కు రాదు. అడ్వకేట్స్ చట్టం 1961 సెక్షన్ 32 కింద ఆ ఒక్క కేసుకు అనుమతి అడగొచ్చు, ఇవ్వడం కోర్టు ఇష్టం. అనుమతి లేకుండా ఇదే వృత్తిగా పెట్టుకుంటే సెక్షన్ 45 కింద 6 నెలల దాకా జైలు.

క్రాస్‌లో తడబడ్డారు
క్రాస్ అంటే ఎదుటి లాయరు ప్రశ్నలు వేయడం. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇదే, తగిలేది సాయం చేసినవారి వల్లే. "7వ పేరాలో ఇల్లు నా స్వాధీనంలో ఉందన్నారు, మరి కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోందమ్మా?" అని అడుగుతారు. ఆ మాట తన అఫిడవిట్‌లో ఉన్నట్టే ఆవిడకు తెలియదు. రాసిపెట్టినవాళ్ళు పాత కేసు కాగితంలోంచి ఎత్తి పెట్టేశారు. ప్రమాణం చేసింది మాత్రం ఆవిడ. అబద్ధమని తేలితే చిక్కుల్లో పడేదీ ఆవిడే.

సంతకానికి ముందు ఒక్కో పేరా తెలుగులో చదివి, "ఇప్పుడు మీరు చెప్పండి" అని అడగండి. తిరిగి చెప్పలేని వాక్యం ఎంత బలమైన పాయింటైనా తీసేయండి. మిగిలినవాటిలో స్వయంగా తెలిసినవి ఏ పేరాలో, ఒకరు చెప్పగా నమ్మినవి ఏవో విడదీయండి. దావాకైనా జవాబుకైనా చివర నిజమని ధ్రువీకరించే వెరిఫికేషన్‌లో ఆర్డర్ 6 రూల్ 15 పేరా నంబర్లతో కోరేది ఇదే, అఫిడవిట్‌కూ ఈ పద్ధతే పాటించండి. తెలుగులో చదివి వినిపించినవారి పేరు, సంతకం కింద ఉండాలి. ఇందుకు ఒక పూట పడుతుంది, తొందరపడొద్దు.

ఎదుటి లాయరు గారు రాజీ మెమో మీద సంతకం పెట్టమంటున్నారు
ఆయన బాధ్యత తన క్లయింటుకే. రాజీ డిక్రీ మీద మామూలుగా అప్పీలు ఉండదు. నకలు తీసుకుని, చదువుకోవడానికి వాయిదా అడగమనండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100. ఫోన్ మీరు కలిపివ్వండి, సంగతి వాళ్ళనే చెప్పనివ్వండి.