ఎడారి దారిలో గుంపు ప్రయాణం – నాలుగో పాఠం: ఇసుకలోకి దిగడం

కిందటి పాఠంలో నీళ్లు, డీజిలు, తాళ్లు, పారలు ఏ బండిలో ఎంత సర్దాలో చూశాం. ఏ వస్తువూ మొత్తం ఒకే బండిలో పెట్టకూడదన్నది అందులో ముఖ్యమైన మాట. ఈ పాఠంతో తారు రోడ్డు వదిలి ఇసుకలోకి దిగుతున్నాం.

విజయవాడ నుంచి రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేరు దాదాపు రెండు వేల కిలోమీటర్లు. అంత దూరం హైవే మీద నడుపుకుంటూ వెళ్లినవాళ్లకు చెయ్యి బాగా కుదిరిందన్న నమ్మకం వస్తుంది. ఆ నమ్మకం మంచిదే కానీ, హైవే అలవాట్లు మూడు మాత్రం ఇసుక అంచులోనే వదిలేయాలి. బండి అదుపు తప్పుతుంటే బ్రేకు తొక్కడం, ఆగిపోతుంటే యాక్సిలరేటర్ ఇంకా నొక్కడం, ముందు బండిని అంటిపెట్టుకుని వెళ్లడం. ఈ మూడూ ఇసుకలో బండిని దిగబెడతాయి.

ముందు గాలి తీయండి

ఇసుకలో నడిపే విద్యలో సగం టైరు గాలిలోనే ఉంది. గేరు, ఇంజను, డ్రైవరు నైపుణ్యం అన్నీ దాని తర్వాతే. రోడ్డు మీద 30 నుంచి 35 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) దాకా ఉండే టైరు గట్టిగా, గుండ్రంగా ఉండి ఇసుకను కోసుకుంటూ దిగిపోతుంది. అదే టైరును 18కి దించితే అడుగు భాగం పొడవుగా పరుచుకుని బండి బరువు ఎక్కువ నేల మీద పడుతుంది. ఒంటె పాదం నేల మీద పెట్టగానే వెడల్పుగా విచ్చుకున్నట్టే ఇదీ.

ఇసుక మొదలయ్యే చోట గుంపు మొత్తం ఆగాలి. ఒక్కో టైరుకూ గేజ్ పెట్టి చూసి 18కి తీసుకురండి. నాలుగు టైర్లలోనూ సమానంగా ఉండాలి. కంటితో చూసి అంచనా వేయకండి, గేజ్ తప్పనిసరి. బాగా బరువున్న బండికి 20 దగ్గర ఆపి, కాసేపు నడిపి చూసి, ఇంకా ఇబ్బంది పడుతుంటే మరో రెండు తగ్గించండి. దిగబడ్డ బండిని బయటికి తీయడానికి తాత్కాలికంగా 15 దాకా వెళ్లొచ్చు. 12 కంటే కిందికి దించితే రిమ్ము నుంచి టైరు ఊడిపోయే ప్రమాదం ఉంది, ముఖ్యంగా స్టీరింగ్ గట్టిగా తిప్పినప్పుడు.

గాలి తగ్గించిన టైరుతో వేగంగా వెళ్లకూడదు, మలుపులు ఒక్కసారిగా కొట్టకూడదు. గంటకు 40 కిలోమీటర్లు దాటకపోతే మంచిది. మళ్లీ తారు రోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి. తక్కువ గాలితో హైవే మీద పరిగెత్తిస్తే టైరు పక్క గోడలు వేడెక్కి పగిలిపోతాయి. బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ గుంపుకు కనీసం రెండు ఉండాలి. ఒక్కటే ఉండి అది చెడిపోతే గుంపంతా ఎడారి అంచులో చిక్కుకుపోతుంది.

ఇంకో సంగతి. జైసల్మేరు చుట్టుపక్కల అంతా ఇసుక తిన్నెలే ఉంటాయనుకోకండి. చాలా చోట్ల రాతి నేల, గులకరాళ్లు, ముళ్ల పొదలు. అక్కడ 18 పీఎస్ఐతో వెళ్తే మెత్తబడిన టైరు పక్క గోడను పదునైన రాయి కోసేస్తుంది. పక్క గోడ తెగితే పంక్చరు పుల్లలతో అయ్యే పని కాదు, స్టెప్నీ వేయాల్సిందే. కాబట్టి రాతి నేల ఎక్కువ దూరం ఉందని తెలిస్తే 25 దాకా నింపుకుని నెమ్మదిగా నడపండి. మాటిమాటికీ దించడం, నింపడం విసుగే. అయినా ఆ పని చేసే గుంపే సాయంత్రానికి అన్ని బండ్లతో మకాం చేరుతుంది.

ఇసుకలో నడక

ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించే ఏర్పాటు) లివరు దిగబడ్డాక కాదు, ఇసుకలోకి రాకముందే వేసుకోవాలి. మామూలు ఇసుకకు ఆ లివరు మీది ఫోర్ హై (4H) చాలు. వేగం తగ్గించి బలం పెంచే ఫోర్ లో (4L) అన్నది నిటారు వాలులకూ, దిగబడ్డ బండిని లాగడానికీ. కొత్త బండ్లలో చక్రం జారగానే ఇంజను శక్తిని తగ్గించే ఏర్పాటు ఉంటుంది. తడి రోడ్డు మీద అది ప్రాణం కాపాడుతుంది, ఇసుకలో మాత్రం సరిగ్గా ఊపు కావాల్సిన క్షణంలో బండిని ఆపేస్తుంది. దాని బటన్ ఎక్కడుందో ఇంటి దగ్గరే చూసుకుని, ఇసుకలో ఆఫ్ చేయండి.

ఇసుకలో కావాల్సింది వేగం కాదు, ఆగని ఊపు. రెండో గేరులోనో మూడో గేరులోనో ఒకే తీరుగా నడపాలి. మెత్తటి చోట మధ్యలో గేరు మారిస్తే ఆ అరక్షణంలోనే బండి ఆగిపోతుంది. ఆగాల్సి వస్తే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేయండి, ఇసుకే ఆపుతుంది. బ్రేకు తొక్కితే ప్రతి చక్రం ముందూ చిన్న ఇసుక గట్టు పేరుకుంటుంది, మళ్లీ కదిలేటప్పుడు దాన్ని ఎక్కలేక చక్రం తిరుగుతూ దిగిపోతుంది. వీలైనంత వరకు కిందికి వాలుగా ఉన్న చోటే ఆపుకోండి.

ఇసుక తిన్నెకు రెండు ముఖాలుంటాయి. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా, ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది. అవతలి వైపు ఇసుక జారి పడి 30 డిగ్రీలు దాటిన నిటారు వాలు ఏర్పడుతుంది, మెత్తగానూ ఉంటుంది. ఎక్కేటప్పుడు తిన్నెకు నేరుగా ఎక్కాలి, దిగేటప్పుడూ నేరుగా దిగాలి. అడ్డంగా పోతే బండి పక్కకు జారి పల్టీ కొడుతుంది. దిగేటప్పుడు వెనక భాగం పక్కకు తిరుగుతోందనిపిస్తే స్టీరింగ్‌ను వాలు దిక్కుకే తిప్పి కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వాలి. భయంతో బ్రేకు తొక్కాలనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయకండి. ఎక్కలేక మధ్యలో ఆగితే బండిని తిప్పే ప్రయత్నం చేయకుండా రివర్స్ గేరులో వచ్చిన జాడలోనే వెనక్కి దిగండి.

తిన్నె కొప్పు దగ్గర యాక్సిలరేటర్ తగ్గించాలి. అవతల ఏముందో కనబడదు. మేకల మంద ఉండొచ్చు, దిగబడ్డ మన బండే ఉండొచ్చు. కొత్త తిన్నె అయితే ఒకరు నడిచి పైకి వెళ్లి చూసి చెయ్యి ఊపాకే బండి ఎక్కాలి. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు నీడలు పడవు, ఎత్తుపల్లాలన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. కష్టమైన తిన్నెలన్నీ పొద్దున్నే దాటేసి, మధ్యాహ్నం చెట్టు నీడన వంట పెట్టుకోవడం నా సలహా. పులిహోర, చపాతీ లాంటివి ముందు రోజే చేసుకుంటే వంట పనీ తగ్గుతుంది.

వరుస

ఈ పాఠంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సింది ఇదే. గుంపుకు మూడు బండ్లకు తక్కువ ఉండకూడదు, ఏడుకు మించితే రెండు గుంపులుగా విడిపోవాలి. ప్రతి బండికీ ఒక నంబరు ఇవ్వండి. దారి తెలిసినవాళ్లు ఒకటో నంబరు. అందరికంటే అనుభవం తక్కువ ఉన్నవాళ్లు చివర కాదు, రెండో నంబరులో ఉండాలి. ముందు బండి జాడ వాళ్లకు తాజాగా దొరుకుతుంది, వాళ్ల ఇబ్బంది అందరికీ కనబడుతుంది. చివరి బండి నడిపేవాళ్లు నెమ్మదస్తులై ఉండాలి, ఒక తాడు, పార, ఒక కంప్రెసర్ వాళ్ల దగ్గర ఉండాలి. రెండో తాడు ముందు బండిలో.

నడిచేటప్పుడు నియమం ఒక్కటే. ఎవరి వెనక బండికి వాళ్లే బాధ్యులు. అద్దంలో వెనక బండి కనబడకపోతే మీరు ఆగండి. మీరు ఆగితే మీ ముందువాళ్లకు మీరు కనబడరు కాబట్టి వాళ్లూ ఆగుతారు. అలా ఎవరూ ఫోన్ చేయకుండానే కాసేపటికి వరుసంతా ఆగుతుంది. అందరూ ముందు బండినే చూస్తూ పోతే చివరి బండి దిగబడిన సంగతి ఆరు కిలోమీటర్లు పోయాక గానీ తెలియదు. దారి చీలిన చోట వెనక బండి మిమ్మల్ని చూసి అటే తిరిగిందని తేలేదాకా మీరు కదలకూడదు.

తిన్నె మీదికి ఒకసారి ఒక్క బండే ఎక్కాలి. అది అవతలికి దిగి పక్కకు తప్పుకుని కబురు చెప్పాకే రెండోది. ఇందుకు వాకీటాకీలు కావాలి. మన దేశంలో 446 మెగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేసే చిన్న సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. శాటిలైట్ ఫోన్ మాత్రం అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం, సరిహద్దు ప్రాంతంలో అయితే మరీ. విదేశాల్లో ఉన్న తమ్ముడు తెచ్చిచ్చాడని బ్యాగులో పడేసుకోకండి. ప్రతి బండికీ ఎత్తైన సన్నటి కడ్డీ కట్టి కొసన ఎర్ర జెండా పెడితే తిన్నె అవతలి నుంచి వచ్చేవాళ్లకు ముందుగా అది కనబడుతుంది.

వాకీటాకీలో వరసలు పెట్టి పిలుచుకోకండి. “బావా, ఆగిపోయా” అంటే ఏ బావ, ఎవరి బావ అన్నది తేలేలోగా సమయం పోతుంది. ఎవరిని పిలుస్తున్నారో ముందు, ఎవరు మాట్లాడుతున్నారో తర్వాత చెప్పాలి.

“ఒకటీ, నాలుగు మాట్లాడుతున్నా. ఐదో బండి కనబడట్లేదండీ. ఆగాను.”

“నాలుగూ, ఒకటి మాట్లాడుతున్నా. సరే, మేమూ ఆగాం. చూసి చెప్పండి.”

ఇంతే. మకాం చేరాక అన్నా, బాబాయ్ అని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

బండి దిగబడితే

చక్రం ఊరికే తిరుగుతోందని తెలిసిన క్షణమే కాలు తీసేయండి. ఇంకో పది సెకన్లు నొక్కితే బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది, అప్పుడు పని గంటకు పెరుగుతుంది. ముందు అందరూ దిగి చూడాలి. చక్రాల ముందున్న ఇసుకను పారతో వాలుగా తీయండి, పొట్ట కింద ఇసుక తగులుతుంటే అదీ తీయండి. గాలి 15కి దించండి. చాలాసార్లు ఈ రెండు పనులతోనే, వచ్చిన జాడలో వెనక్కి తీస్తే బండి బయటపడుతుంది. తాడు చివరి ఉపాయం.

తాడు కట్టాల్సి వస్తే తొందర వద్దు. ఇసుకలో లాగడానికి సాగే గుణం ఉన్న తాడు వాడాలి, అది మెల్లగా శక్తి కూడబెట్టుకుని బండిని లాగుతుంది. ఇనుప గొలుసు వద్దు. తాడు తగిలించే కొక్కెం ఛాసిస్‌కు బోల్టులతో బిగించినదై ఉండాలి. బండ్లను లారీలో ఎక్కించి కట్టడానికి కింద ఇచ్చే సన్నటి రింగులు దీనికి పనికిరావు. ట్రైలర్ తగిలించే గుండుకు తాడు వేయడం మరీ ప్రమాదం, అది విరిగి ఎగిరొచ్చి తగిలి ఆస్ట్రేలియాలో మనుషులు చనిపోయారు. బయలుదేరేముందే ఆటోనగర్‌లో బండిని పైకెత్తించి, ముందూ వెనకా కొక్కేలు ఏ భాగానికి బిగించి ఉన్నాయో మీ కళ్లతో చూసుకోండి. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి దుప్పటి వేయండి. రెండు బండ్ల డ్రైవర్లు తప్ప మిగతా అందరూ తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు నిలబడాలి. పిల్లల్ని ఇంకా దూరం పంపండి.

మకాం

పొద్దు గుంకడానికి గంట ముందే ఆగండి. మకాం వేసే తీరంతా వచ్చే పాఠంలో ఉంది కాబట్టి ఇక్కడ రెండు మూడు మాటలే. తిన్నె కొప్పు మీద గుడారం వేస్తే రాత్రంతా గాలి కొడుతుంది. తిన్నెల మధ్య గట్టి నేల చూసి, బండ్లను గాలి వచ్చే వైపు అర్ధచంద్రాకారంలో నిలపండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, మన ఊరి దుప్పట్లు ఆపలేవు.

కట్టెల విషయం మాత్రం ఇప్పుడే చెప్పాలి. అక్కడివాళ్లు ఖేజ్‌డీ అనే చెట్టు మన జమ్మి చెట్టే. దసరాకు మనం పూజ చేసే ఆ చెట్టు ఎడారి పల్లెల్లో మేకలకు మేత, మనుషులకు కూర, పొలానికి నీడ. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో రాజు మనుషులు ఆ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవితో మొదలుపెట్టి చెట్లనూ జంతువులనూ కాపాడటం ధర్మంగా పాటించే బిష్ణోయీలు 363 మంది చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. ఆ నేల మీద చలిమంట కోసం కొమ్మ విరవడం మనకు తగదు. గ్యాసు పొయ్యి తీసుకెళ్లండి.

దారి విషయంలోనూ అంతే. జైసల్మేరు పక్కనే డెజర్ట్ నేషనల్ పార్కు 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. మన రోళ్లపాడు అభయారణ్యానికి పేరు తెచ్చిన బట్టమేక పిట్టకు ఇప్పుడు మిగిలిన ముఖ్యమైన చోటు అదే. ఆ పిట్ట గూడు కట్టదు, నేల మీదే గుడ్డు పెడుతుంది. కాబట్టి అనుమతి లేని చోటికి వెళ్లకండి, ఉన్న జాడ వదలకండి, స్థానికుడైన దారి చూపే మనిషి లేకుండా సరిహద్దు వైపు తిరగకండి.

ఈ వారం అభ్యాసం

కృష్ణా నది లంక గ్రామాల్లో వరదకు ఇసుక మేట వేసిన పొలాలు ఉంటాయి. తెలిసిన రైతును అడిగి, పంట లేని మేటలో ఒక పూట అనుమతి తీసుకోండి. నది గర్భంలోకి మాత్రం వద్దు, బ్యారేజీ నుంచి నీళ్లు వదిలితే తెలియదు. సూర్యలంక బీచ్ కూడా వద్దు. ఆ తీరంలో శీతాకాలం నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, బండి బరువుకు ఆ గుంటలు నలిగిపోతాయి.

రెండు బండ్లు, నలుగురు మనుషులు చాలు. మొదట 32 పీఎస్ఐతోనే ఇరవై అడుగులు నడిపి, దిగి, టైరు జాడ ఎంత లోతుందో స్కేలుతో కొలవండి. తర్వాత 25, 20, 18 దగ్గర అదే పని చేసి, నాలుగు లోతులూ కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ ఒక టైరు దించడానికీ, తిరిగి నింపడానికీ ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కన రాయండి. ఆ నిమిషాలను మీ గుంపులోని మొత్తం టైర్లతో హెచ్చించి, కంప్రెసర్ల సంఖ్యతో భాగిస్తే రోజులో గాలికే ఎంత సమయం పోతుందో తేలుతుంది. అయిదో పాఠంలో రోజువారీ దూరాలు, మకాం వేళలు వేసుకునేది ఆ లెక్క మీదే.