ఊరి పచ్చదనం, 5వ పాఠం: ముందు నీళ్ల లెక్క, ఆ తర్వాతే మొక్కల లెక్క

ఈసారి కొమ్మల కత్తిరింపు గురించి రావాల్సింది. నాలుగో పాఠం అభ్యాసానికి మీరు పంపిన పటాలు చూశాక దాన్ని ఆరో పాఠానికి జరిపాం. కత్తిరించాలంటే ముందు చెట్టు బతికి ఉండాలి గదా.

వెంచర్‌లో వదిలిన ఎకరం ఖాళీ జాగాకు పార్కు పటం గీయమన్నాం. నడక బాటలు పొందిగ్గా గీశారు, బెంచీలు పెట్టారు, ఓపెన్ జిమ్ సామాను కూడా పెట్టారు. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో మాత్రం దాదాపు ఎవరూ రాయలేదు. జడ్చర్ల పటంలో 1,200 మొక్కలు, నడుమ పది గుంటల లాన్. నీటి వసతి అన్నచోట "బోరు ఉంది" అని రెండే మాటలు. మిర్యాలగూడ పటంలో మిషన్ భగీరథ పైపు. దేవరకొండ పటంలో పక్కనున్న ఫిల్టర్ వాటర్ ప్లాంటు పారబోసే నీళ్లు. మూడూ మన దిక్కు పార్కులు ఎందుకు ఎండుతాయో చెప్పే పటాలే. ముందు లాన్ సంగతి తేల్చుకుందాం.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే ఒక లీటరు. లెక్కంతా దీని మీదే నడుస్తుంది, ఇది నోటికి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో లాన్ పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు దాదాపు 5 లీటర్లు పోయాలి. గుంట అంటే 101 చదరపు మీటర్లు. పది గుంటల లాన్‌కు రోజుకు 5,000 లీటర్లు, అంటే నిండు ట్రాక్టర్ ట్యాంకర్ ఒకటి. ఏప్రిల్ 1 నుంచి జూన్ 10 దాకా 71 రోజులు. డెబ్బైకి పైగా ట్యాంకర్లు, గడ్డి కోసం! ఆ గడ్డి మీద మధ్యాహ్నం పూట కూర్చునేవాళ్లు ఎవరూ ఉండరు, నీడ లేదు కాబట్టి.

నన్నడిగితే ఎకరం పార్కులో గుంటకు మించి లాన్ వద్దు. పిల్లలు ఆడుకోవడానికి గట్టిపరిచిన ఎర్రమట్టి చాలు. గడ్డి ఉండాల్సిందే అని కాలనీవాళ్లు పట్టుబడితే చెట్ల నీడ పడని తూర్పు దిక్కున ఒక చిన్న ముక్క ఇచ్చి ఊరుకోండి.

ఇప్పుడు చెట్టు. మొదటి ఏడాది మొక్కకు ఒక్క తడికి 20 లీటర్లు. వానలు ఆగిన కార్తీకం నుంచి జనవరి ఆఖరు దాకా పది రోజులకో తడి, ఫిబ్రవరి, మార్చిలో వారానికో తడి, ఏప్రిల్ నుంచి మిరుగం (మృగశిర కార్తె) దాకా వారానికి రెండు తడులు. మొత్తం కూడితే మొక్కకు 740 లీటర్ల చొప్పున అవుతుంది. పైపు మార్చేటప్పుడు పోయేదానికి, పాదు తెగి పారేదానికి ఐదో వంతు కలుపుకోండి. వేసవిలో వారానికి మొక్కకు 48 లీటర్లు పడుతుంది. కాగితం పెన్సిలు లేకుండా గుర్తుండాలంటే: వంద మొక్కలకు వారానికో ట్యాంకర్. నేను వాడే అడ్డదారి ఇదే, మునిసిపాలిటీ అంచనాలకు కూడా సరిపోతుంది. రోజుకో ట్యాంకర్ తాగే ఆ పది గుంటల లాన్ ఏడు వందల మొక్కల నీళ్లు తాగుతున్నదన్నమాట.

రెండో ఏడు తడికి 30 లీటర్లు, వేసవిలో పది రోజులకోసారి. మూడో ఏడు వేప, కానుగ, చింత, నారేప, రేల వంటివాటికి ఏప్రిల్‌లో రెండు, మేలో రెండు తడులు చాలు. సీతాఫలానికి అదీ అక్కర్లేదు. బాలానగర్ రకం పేరే మన పాలమూరు జిల్లా నుంచి పుట్టింది, ఈ గుట్టల్లో దానికి నీళ్లు పోసిందెవరు?

"చిక్కగా నాటితే మూడేళ్ల తర్వాత నీళ్లే అక్కర్లేదు" అని 1,200 మొక్కల పటం కింద ఒక గమనిక రాశారు. నిజమే. కానీ ఆ రెండు మూడు వేసవులు దాటాలి. 1,200 మొక్కలకు వారానికి పన్నెండు ట్యాంకర్లు. తెలంగాణ పురపాలక చట్టం 2019 నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటుంది, బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టమంటుంది. ఆ డబ్బంతా గుంతలకూ మొక్కలకూ రాసి ట్యాంకర్ డీజిల్‌కు ఏమీ మిగల్చకపోతే 85 అన్న అంకె కాగితం మీదే ఉంటుంది. ఎకరంలో ఆరు మీటర్ల ఎడంతో లెక్క కడితే 112 చెట్లు పడతాయి. బాటలు, ఆట జాగా తీసేస్తే ఎనభై. నీడకు ఎనభై పెద్ద చెట్లు తక్కువేమీ కాదు.

బోరు సంగతి. "రెండించుల నీళ్లు పోస్తది" అనేది లెక్కకు పనికిరాదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. నాలుగు నిమిషాలైతే గంటకు 3,000 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కొలవొద్దు, గంటసేపు నడిచాక కొలవండి. దసరాకు కొలిచిన అంకెను మే నెలకు రాయడం ఇంకా పెద్ద తప్పు. మన నల్లరాతి నేలల్లో నీళ్లుండేది రాతి పగుళ్లలో, మొరం పొరలో. వేసవికి మట్టం దిగితే బోరు ఆగి ఆగి పోస్తుంది. జడ్చర్ల పటంలోని బోరే మేలో గంటకు 1,500 పోస్తుందనుకోండి. రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు నడిపితే 18,000 లీటర్లు. నష్టం తీసేస్తే 14,400. మొక్కకు వారానికి 40 చొప్పున 360 మొక్కలు. పటంలో 1,200 కొట్టేయండి, ఈ నీళ్లకు 360 దాటొద్దు, అదీ లాన్ లేకుండా.

భగీరథ నీళ్లు తాగడానికి తెచ్చినవి. పార్కు లెక్కలో రాయొద్దు, వేసవిలో మొదట కట్టయ్యేది పార్కు కొళాయే.

ప్లాంటు పారబోసే నీళ్లది వేరే కథ. ఆర్వో యంత్రం వంద లీటర్లు తీసుకుని యాభై శుద్ధి చేస్తే, లోపలికి పోయిన ఉప్పంతా దాదాపు మిగతా యాభైలో చేరుతుంది. బోరు నీళ్లు 900 టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) ఉంటే బయటికి వచ్చేవి 1,800 దగ్గర ఉంటాయి. నల్లగొండ దిక్కు ఫ్లోరైడ్ చెట్టును చంపుతుందేమోనని ఇద్దరు ముగ్గురు అడిగారు. మన నీళ్లలో చెట్టుకు ఎక్కువ తిప్పలు పెట్టేవి ఫ్లోరైడ్‌తో కలిసొచ్చే సోడియం, బైకార్బనేట్. అవి ఎర్రనేల పైపొరను కరుడు కట్టిస్తాయి, నీళ్లు దిగవు, పాదు అంచున తెల్లటి పెచ్చు కనిపిస్తుంది. వ్యవసాయ శాఖ పరీక్షా కేంద్రంలో ఆర్‌ఎస్‌సీ (నీళ్లలో మిగులు సోడియం కార్బొనేట్) ఎంతో అడగండి. 1.25 లోపైతే నిశ్చింత. 2.5 దాటితే ఆ నీళ్లు మొక్కలకు వద్దు. నడుమ ఉంటే వాళ్లు చెప్పిన మోతాదులో జిప్సం వేసి వాడొచ్చు. ప్లాంటు నీళ్లు వాడి తీరాలంటే కానుగకు, అదీ ఒక తడి ఇవి, ఒక తడి మంచివి. మామిడికి పోయొద్దు.

ఇక అన్నిటికన్నా విసిగించే తప్పు. మూడో పాఠంలో ఒక వాక్యంలో చెప్పి వదిలేశాం, అది ఎవరికీ అందలేదని పటాల కింద రాసిన నీటి పట్టికలు చూస్తే తెలిసింది. ఎనిమిది పటాల్లో ఆరు "రోజూ ఉదయం మొక్కకు 2 లీటర్లు" అన్నాయి. వారానికి 14 లీటర్లు, మనం చెప్పే 40తో పోలిస్తే పొదుపే గదా అనిపిస్తుంది. పొదుపు కాదు, ఆ పద్నాలుగూ వృథా.

రెండడుగుల వెడల్పు గుండ్రటి పాదు వైశాల్యం 0.29 చదరపు మీటర్లు. అందులో 2 లీటర్లు పోస్తే 7 మిల్లీమీటర్లు. ఎండిన చల్క నేల తన ఘనపరిమాణంలో పన్నెండు శాతం దాకా నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి ఆ 7 మిల్లీమీటర్లు తడిపేది 6 సెంటీమీటర్ల లోతు. నాలుగు వేళ్లు. రోహిణి కార్తె ఎండకు ఆ నాలుగు వేళ్ల తడి సాయంత్రానికి ఆవిరవుతుంది. మొక్కతో పాటు నాటిన వేరు ముద్ద ఒక అడుగు లోతున ఉంటుంది, అక్కడికి చుక్క చేరదు.

అదే 20 లీటర్లు ఒక్కసారి పోయండి. 70 మిల్లీమీటర్లు, చల్కలో 58 సెంటీమీటర్లు తడుస్తుంది, అంటే గుంత అడుగుదాకా. పైన రెండు మూడంగుళాలు ఎండినా కింద తడి నాలుగు రోజులు ఆగుతుంది. రేగడిలో 20 లీటర్లు పోస్తే 35 సెంటీమీటర్లే దిగుతాయి, అది నీళ్లు ఎక్కువ పట్టుకునే నేల. అక్కడ 30 లీటర్లు పోసి తడికీ తడికీ మధ్య ఎడం పెంచండి, వారానికి ఒక్కటి చాలు. దుబ్బ నేలైతే 15 లీటర్లు, వారానికి మూడు సార్లు.

నీళ్ల వృథా ఒక్కటే అయితే ఇంత చెప్పేవాళ్లం కాదు. వేరు తడి ఉన్నచోటికి పోతుంది. పైపైన తడిపితే వేర్లు పైపైనే పరుచుకుంటాయి. మూడేళ్లకు అవే పేవర్ బ్లాకులు లేపుతాయి. మే నెల ఈదురుగాలికి నిలువెత్తు చెట్టు పీట లేచినట్టు వేళ్లతో సహా పడుతుంది. అప్పుడు "ఈ జాతి చెట్టు మంచిది కాదు" అని చెట్టును తిడతారు.

పరీక్షకు కాపలాదారు మాట నమ్మొద్దు, పది ఎంఎం ఇనుప కడ్డీ నమ్మండి. నీళ్లు పెట్టిన రెండు గంటలకు మొదలుకు జానెడు దూరంలో కడ్డీ గుచ్చండి. తడిలో మెత్తగా దిగి, పొడి తగలగానే ఆగుతుంది. 50 సెంటీమీటర్లు దిగిందా, తడి సరిపోయింది. మొరంలో కడ్డీ రాయికి ఆగితే గడ్డపారతో పక్కన తవ్వి చేతితో చూడండి. రెండంగుళాలే దిగిందా, మీ పట్టిక చింపేయండి.

మొరంలో తవ్విన గుంతకు ఇంకో చిక్కు ఉంది. పక్కలూ అడుగూ గట్టిగా ఉంటే వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. నాటకముందే గుంత సగం నింపి మరునాడు చూడండి. నీళ్లు ఇంకా ఉంటే అడుగున గడ్డపారతో మూడు నాలుగు చోట్ల పొడవండి. గుంత కొలతలు, ఎరువు పాళ్లు, సంచి కోసి తీయడం తెలిసినవే.

వాన నీళ్ల గురించి ఒక్క మాట, పటాల్లో దాదాపు అందరూ పార్కును మొరం పోసి రోడ్డుకన్నా అడుగు ఎత్తు లేపారు. ఎందుకు? ఆరు మీటర్ల రోడ్డు ముప్పై మీటర్ల పొడవున 180 చదరపు మీటర్లు. 30 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా 4,300 లీటర్లకు పైనే పారుతుంది. ట్యాంకర్‌కు కొంచెం తక్కువ, ఒక్క వానకు. అదంతా నాలాలోకి పోతోంది. చెట్ల వరుసను రోడ్డు కన్నా నాలుగంగుళాలు కిందికి ఉంచండి. అంచు రాయికి ప్రతి ఆరేడు మీటర్లకు అడుగున్నర సందు వదలండి, సందు ముందు గుప్పెడు కంకర రాళ్లు పేర్చండి, లేదంటే ఇసుక పేరుకుని మూసుకుపోతుంది. ఆగస్టులో ఇలా నింపిన నేల డిసెంబరు దాకా మొక్కను కాస్తుంది, ట్యాంకర్ పని ఆ మేరకు ఆలస్యంగా మొదలవుతుంది.

మల్చింగ్‌కు మిర్యాలగూడ వాళ్లకు మిల్లుల్లో ఊక, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు పల్లికాయ పొట్టు దొరుకుతుంది. నాలుగంగుళాల మందం, మొదలు చుట్టూ నాలుగంగుళాలు ఖాళీ, లేదంటే చెదలు నేరుగా కాండం ఎక్కుతాయి. పాలమూరు పిల్లలమర్రి 2017 డిసెంబరులో కొమ్మ కూలేదాకా వచ్చింది చెదలతోనే. ఊక ఒక్కటే వేస్తే గాలికి పోతుంది, పైన వరిగడ్డి పరవండి. ఊక బూడిద వేయొద్దు, అది వేరే వస్తువు.

మార్చిలో సీతాఫలం, మోదుగ, రేల ఆకు రాలిస్తే చచ్చాయని పీకొద్దు. గోటితో కొమ్మ గీకండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. వానాకాలం చివర వేప కొమ్మల చివర్లు మాడితే అది నీళ్ల లోటు కాదు, 2021 నుంచి రాష్ట్రమంతా చూస్తున్న ఎండుకొమ్మ తెగులు. ఎక్కువ నీళ్లు పోసి దాన్ని నయం చేయలేరు.

అభ్యాసం. పాత పటమే తీసుకోండి, కొత్తది వద్దు. మీ ఊళ్లో ఏదైనా పార్కులో బోరును డ్రమ్ముతో మూడుసార్లు కొలవండి: ఇప్పుడోసారి, ఫిబ్రవరిలో, రోహిణి కార్తెలో. అదే పార్కులో పది మొక్కల దగ్గర కడ్డీ గుచ్చి లోతులు రాయండి, నేల చల్కనా, రేగడినా, మొరమా పక్కన రాయండి. తర్వాత నెలలవారీ పట్టిక గీసి ప్రతి నెలా కావలసిన నీళ్లు, దొరికే నీళ్లు ఎదురెదురుగా వేయండి. ఏ నెలలో దొరికేది తక్కువైతే ఆ నెల అంకెతోనే పటంలో మొక్కలు కొట్టేయండి, ముందుగా లాన్. నీడనిచ్చే పెద్ద చెట్టును చివరికి మాత్రమే ముట్టుకోండి. రోహిణి కార్తె కొలత పడేదాకా పట్టిక మీ దగ్గరే ఉంచుకోండి.