కేవియర్ డబ్బాను నల్లగొండ దాకా చెడకుండా తెచ్చి వడ్డించే పద్ధతి

ఉప్పు పట్టించిన చేప గుడ్లైన కేవియర్ ఇప్పుడు హైదరాబాద్‌లో విదేశీ సరుకు అమ్మే దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది. దాంతో నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాల వైపు ఇళ్లలో కూడా ముఖ్యమైన దావత్‌కు ఒక డబ్బా తెద్దామనే వాళ్లు కనిపిస్తున్నారు. తేవచ్చు, కానీ ఒక్క సంగతి ముందే తెలుసుకోవాలి. కేవియర్ గొప్పదనమంతా ఉప్పు తక్కువగా ఉండటంలో, చల్లదనం ఒక్క గంట కూడా తప్పకపోవడంలో ఉంది. ఉప్పు తక్కువ గనుక నిలవ గుణం తక్కువ, ఆ లోటును తీర్చేది చల్లదనమే. 43, 44 డిగ్రీల ఎండ కాసే మన జిల్లాల్లో డబ్బా ఖరీదు కన్నా దాన్ని తెచ్చే తీరు మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఏది అసలు, ఏది కాదు

స్టర్జన్ అనే చేప గుడ్లకు ఉప్పు పట్టించినదే కేవియర్. నారింజ రంగులో పెద్దగా మెరిసేవి సాల్మన్ గుడ్లు. సుషీ అనే జపాన్ వంటకం మీద చల్లే సన్నటివి ఎగిరే చేప గుడ్లు. ఇవీ మంచి తిండే, ధర మాత్రం చాలా తక్కువ ఉండాలి. చిన్న గాజు సీసాల్లో కారునలుపుగా, చవగ్గా దొరికేవి ఎక్కువగా లంప్‌ఫిష్ అనే వేరే చేప గుడ్లకు రంగు వేసినవి. వీటిని మీగడ మీద పెడితే కాసేపట్లో చుట్టూ బూడిద రంగు దిగుతుంది. అసలు కేవియర్ రంగు వదలదు, మామూలుగా కారునలుపుగానూ ఉండదు. ముదురు బూడిద, గోధుమ, ఆకుపచ్చ కలిసిన బంగారు రంగుల్లో ఉంటుంది.

1998 నుంచి స్టర్జన్ జాతులన్నీ అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చాయి. కాబట్టి సక్రమంగా వచ్చిన ప్రతి డబ్బా మీద ఒక కోడ్ ఉంటుంది, కొనేముందు దాన్ని చదవండి. మొదటి మూడక్షరాలు చేప జాతి: హెచ్‌యూఎస్ అంటే బెలూగా, జీయూఈ అంటే ఓసెట్రా, ఎస్‌టీఈ అంటే సెవ్రూగా, బీఏఈ అంటే సైబీరియన్ స్టర్జన్. తర్వాతి అక్షరం సి అయితే పెంపకం చేప, డబ్ల్యూ అయితే నదుల్లో, సముద్రంలో సహజంగా పెరిగింది. ఆ తర్వాత దేశం (సీఎన్ చైనా, ఐటీ ఇటలీ, ఎఫ్ఆర్ ఫ్రాన్స్), గుడ్లు తీసిన సంవత్సరం, ప్యాక్ చేసిన కేంద్రం నంబరు, లాట్ నంబరు వరుసగా ఉంటాయి. దీంతోపాటు దిగుమతిదారు పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉన్న స్టిక్కర్ కూడా ఉండాలి. ఇవి లేని డబ్బాను ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

చైనా అని చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. నేడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కేవియర్ తీసేది ఆ దేశమే, నాణ్యతా బాగుంటుంది. కాస్పియన్ సముద్రపు బెలూగా ఆడచేప గుడ్ల ఈడుకు రావడానికి పదిహేనేళ్ల పైనే పడుతుంది, ధరలో పెద్ద భాగం ఆ ఎదురుచూపుదే. మొదటిసారి తినేవాళ్లకు బెలూగా అవసరం లేదు. ఓసెట్రా గానీ సైబీరియన్ గానీ 30 గ్రాముల డబ్బా చాలు. మూత మీద ‘మలోసోల్’ అని ఉంటే ఉప్పు తక్కువ, సుమారు 3 నుంచి 5 శాతం అని అర్థం. పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చావడానికి వేడి చేసిన సీసా ఎక్కువ రోజులు నిలుస్తుంది కానీ గింజ (గుడ్డు) కాస్త గట్టిపడుతుంది. పెద్ద రుచిజ్ఞులు దాన్ని మెచ్చరు. అయినా కరెంటు నమ్మకం లేని ఊరికి తీసుకెళ్లేవాళ్లకు అదే తెలివైన ఎంపిక.

దారిలో

కేవియర్‌ను 0 నుంచి 2 డిగ్రీల మధ్య ఉంచాలి, 4 దాటనివ్వకూడదు. హైదరాబాద్ నుంచి నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా దాదాపు వంద కిలోమీటర్లు. రెండు, రెండున్నర గంటల దారే గానీ మే నెలలో కారు డిక్కీ పొయ్యిలా కాగుతుంది. మూత బిగుతుగా పట్టే థర్మోకోల్ డబ్బా తీసుకోండి. అడుగున రెండు జెల్ ప్యాకులు, వాటి మీద నాలుగు మడతల నూలు గుడ్డ, దాని మీద కేవియర్ డబ్బా, పైన మళ్లీ గుడ్డ, మళ్లీ జెల్ ప్యాకు పెట్టాలి. ఈ గుడ్డ మడత చాలా అవసరం. ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాకు సున్నాకు బాగా దిగువన ఉంటుంది. అది నేరుగా తగిలితే డబ్బా అంచున ఉన్న గింజలు గడ్డకట్టి, కరిగేటప్పుడు పొర చిట్లి నీరు కారుతుంది. అలా చిట్లిన కేవియర్ ముద్దగా, ఉప్పు నీళ్లలో నానినట్టుగా ఉంటుంది. ఇక బాగుచేయలేం. పెట్టెను డిక్కీలో కాకుండా ఏసీ ఉన్న సీటు కింద పెట్టండి.

ఇంటికి చేరాక ఫ్రీజర్‌లో పెట్టవద్దు, తలుపు అరలోనూ వద్దు. ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింద ఉండే చిల్ ట్రేలో, వెనక వైపున ఉంచండి. మన ఇళ్లలో ఫ్రిజ్ మామూలుగా 5, 6 డిగ్రీల్లో నడుస్తుంది, అందుకే చిన్న గిన్నెలో ఐసు ముక్కలు పోసి, కేవియర్ డబ్బాను ప్లాస్టిక్ సంచిలో కట్టి అందులో కూర్చోబెడితే ఇంకా మంచిది. ఐసు కరిగినప్పుడల్లా మార్చాలి. ఆ ఐసులో ఉప్పు మాత్రం వేయకండి. కుల్ఫీకి వేసినట్టు వేస్తే చల్లదనం సున్నాకు చాలా కిందికి పడిపోయి గింజ గడ్డకడుతుంది.

వడ్డన

ఒక్కొక్కరికి 10 నుంచి 15 గ్రాములు లెక్క వేసుకోండి. అంటే 30 గ్రాముల డబ్బా ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి. యాభై మంది దావత్‌లో పెట్టే వంటకం కాదిది. నలుగురైదుగురు కూర్చుని మొదట తినాల్సింది, కారం కూరలేవీ నోట్లో పడకముందే.

వెండి చెంచా వద్దు. కేవియర్‌లోని గంధకం వెండిని నల్లబరుస్తుంది, నోటికి లోహపు రుచి తగులుతుంది. ముత్యపు చిప్ప చెంచా దొరక్కపోతే వాసన లేని చెక్క చెంచా, గాజుది, చివరికి ప్లాస్టిక్‌దైనా సరే.

డబ్బాను తినే ముందే తెరవాలి. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉంటే ముందు దాన్ని తీసి, రూపాయి బిళ్ల అంచును మూత కింద పెట్టి మెల్లగా తిప్పితే గాలి చొరబడి మూత లేస్తుంది. ఇప్పుడు కాసేపు చూడండి. గింజలు విడివిడిగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉండాలి. వాసన సముద్రపు గాలిలా, లేత వెన్నలా ఉండాలి. అడుగున నీరు నిలిచినా, పుల్లటి వాసన గానీ ఘాటైన నీచు గానీ వచ్చినా తినవద్దు, ఎంత పెట్టి కొన్నా సరే. బాగుంటే డబ్బాను ఐసు గిన్నెలోనే ఉంచి, చెంచాను అంచు నుంచి కిందికి దించి పైకి లేపండి. కలియబెడితే గింజలు చితుకుతాయి.

రష్యాలో దీనికి బ్లిని అనే చిన్న అట్లు, పుల్లటి మీగడ జత. మన దగ్గర ఉప్పు వేయని జొన్నరొట్టె ఆ పని బాగా చేస్తుంది. రొట్టె పలుచగా చేసి, చిన్న గ్లాసు అంచుతో రెండంగుళాల బిళ్లలు కోయండి. తడి గుడ్డలో చుట్టి అరగంటలోపు వాడాలి, లేదంటే గట్టిపడి, నోట్లో గింజ పగలడం తెలియదు. వేడి రొట్టె మీద అసలే పెట్టకండి, గింజలోని కొవ్వు కరిగి కారిపోతుంది. రొట్టె కుదరకపోతే ఉప్పు లేకుండా ఉడికించి చల్లార్చిన ఆలుగడ్డ చక్రాలు. మీగడ కోసం 100 గ్రాముల పులవని గట్టి పెరుగును గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో మూడు గంటలు వేలాడదీసి, రెండు చెంచాల గేదెపాల మీగడ కలపండి. బిళ్ల మీద అర చెంచా మీగడ, పైన అర చెంచా కేవియర్.

నిమ్మకు, బత్తాయికి పేరున్న జిల్లాలో ఇది చెప్పడం కష్టమే గానీ, నిమ్మకాయ పిండకండి. పులుపు తగిలితే గింజ పొర బిగిసిపోతుంది, వెన్నలాంటి రుచి పోతుంది. పచ్చి ఉల్లిగడ్డ కూడా వద్దు. నోట్లో పెట్టుకున్నాక నమలకుండా నాలుకతో అంగిలికి నొక్కాలి. గింజ పగిలి, ముందు ఉప్పు, వెనక కమ్మదనం తెలుస్తాయి.

మిగిలితే పైన ప్లాస్టిక్ కాగితం అంటేలా పరిచి, మూత పెట్టి, మళ్లీ ఐసులో ఉంచి మర్నాటికల్లా తినేయండి. గర్భిణులకు పాశ్చరైజ్ చేయనిది పెట్టవద్దు. బీపీ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క: 4 శాతం ఉప్పుంటే 30 గ్రాముల్లో గ్రాముపైనే ఉప్పు.

ఎక్కువ మంది వస్తే

నాగార్జునసాగర్, జూరాల వైపు వానాకాలం మొదట్లో రోహు, బొచ్చె చేపలు గుడ్లతో వస్తాయి. వాటికి ఉప్పు పట్టించి పచ్చిగా కేవియర్‌లా పెడదామని కొందరు ప్రయత్నిస్తుంటారు. చేయవద్దు. మంచినీటి చేపల గుడ్లను పచ్చిగా తింటే పరాన్నజీవుల భయం ఉంది, పైగా ఆ గింజ సన్నగా, జిగటగా ఉండి విడివడదు. ఉడికిస్తేనే దాని రుచి. పావుకిలో గుడ్ల తిత్తిని చిట్లకుండా తీయమని చేప కోసేవాళ్లకు ముందే చెప్పండి. పిత్తం పగిలి అంటితే మొత్తం చేదవుతుంది. కడిగి, చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు రాసి, సూదితో నాలుగైదు చోట్ల పొడిచి, ఆవిరి మీద పదిహేను నిమిషాలు ఉడికించాలి. నేరుగా నూనెలో వేస్తే లోపలి తడి ఆవిరై తిత్తి పేలి ముఖం మీదికి చిందుతుంది. చల్లారాక అరంగుళం ముక్కలు కోసి, రెండు చెంచాల నూనెలో ఒక్కో వైపు రెండు నిమిషాలు వేయించి, అదే జొన్నరొట్టె బిళ్ల మీద పెట్టండి. దీని మీద నిమ్మకాయ ఎంతైనా పిండుకోవచ్చు.