పలుచని రేకు మీద సాపు రివెట్లు: ఎక్కడ కోయాలి, ఎక్కడ నొక్కాలి

కిట్ విమానానికి, అంటే విడిభాగాలు కొని సొంతంగా కూర్చుకునే విమానానికి, సాపు రివెట్లు (తల రేకుతో సమంగా కూర్చునేవి) వేసే ముందు మైక్రోమీటర్‌తో రేకు మందం కొలవండి. షాపులో చెప్పిన గేజీని నమ్మొద్దు. ఏఎన్426 రకం సాపు రివెట్టు తల ఎత్తు 3/32 అంగుళం సైజుకు 0.036 అంగుళం, 1/8కి 0.042. కట్టర్‌తో కౌంటర్‌సింక్ చేయడానికి, అంటే తల దిగేలా గుంత కోయడానికి, కిట్ విమానాల్లో పాటించే కనీస మందం 3/32కి 0.032, 1/8కి 0.040 అంగుళం. మన దగ్గర మిల్లీమీటర్ల లెక్కన అమ్మే 0.8, 1 మి.మీ. రేకులు వరుసగా ఈ హద్దులకు వెంట్రుకవాసి తక్కువే. వాటికైనా, విమానం పైన తొడిగే 0.5 మి.మీ. పైరేకులకైనా కట్టర్ పెట్టొద్దు, డింపుల్ డైతో, అంటే రేకును గుంతగా వంచే అచ్చుతో, నొక్కండి. పలుచని రేకును కోస్తే బెజ్జం అంచు కత్తిలా మారుతుంది. ఎగిరేటప్పటి అదురుకు బెజ్జం పెద్దదై రివెట్టు వదులవుతుంది, దాని చుట్టూ నల్లటి మసి మరక పడుతుంది.

పెంబర్తి ఇత్తడి పనిలోలాగే డింపుల్‌లోనూ లోహం పోదు, వంగుతుంది. కాకపోతే విమానాలకు వాడే 2024-టీ3 అల్యూమినియం మిశ్రమం రేకు ఇత్తడంత సాగదు. బెజ్జం అంచున గరుకు మిగిలితే నొక్కగానే అక్కడి నుంచి పగులు మొదలవుతుంది. అందుకే రెండు వైపులా నునుపు చేశాకే డై పెట్టండి.

కట్టర్ పని పడేది ఎక్కువగా పైరేకు కింద ఉండే మందపాటి స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) అంచుల్లో. కట్టర్ 100 డిగ్రీలదే కావాలి. ఇనుము పనికి సాధారణంగా అమ్మే 90 డిగ్రీల బిట్టు వేస్తే తల పూర్తిగా ఆనదు. 3/32కి 40 నంబరు డ్రిల్లుతో బెజ్జం వేసి, అందులో ఊగకుండా తిరిగే పైలట్ (కట్టర్ కొసన బెజ్జంలో దూరే పుల్ల) ఉన్న కట్టర్‌ను మైక్రోస్టాప్‌లో, అంటే కోత లోతును క్లిక్కుల లెక్కన ఆపే పట్టులో, బిగించి వాడండి. అదే మందం తుక్కు ముక్క మీద కొంచెం కొంచెంగా లోతు పెంచుతూ, రివెట్టు తల సాపుగా కూర్చునే దగ్గర ఆపండి. పైన డింపుల్ రేకు వచ్చేట్టుంటే అక్కడి నుంచి ఇంకో 7 క్లిక్కులు, అంటే 0.007 అంగుళం దించండి. డింపుల్ అడుగు భాగం రివెట్టు తలకంటే వెడల్పు కాబట్టి ఆ లోతు లేకపోతే రెండు రేకుల మధ్య సందు మిగులుతుంది. డింపుల్ చేసిన తుక్కు ముక్కను అందులో పెట్టి చూశాకే అసలు స్పార్ ముట్టుకోండి.

ఎక్కువగా పని చెడేది పైలట్ దగ్గరే. కోత అడుగుదాకా దిగితే బెజ్జం పెద్దదై పైలట్‌కు పట్టు పోతుంది, గుంత కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. కింద ఒక తుక్కు బద్దను క్లాంపుతో బిగించి, దాంట్లోకి కూడా బెజ్జం వేస్తే పైలట్ అందులో నిలుస్తుంది. డ్రిల్లు నిదానంగా తిప్పండి, వేగం పెరిగితే గుంతలో అలల్లాంటి గీతలు పడతాయి. మైక్రోస్టాప్ బయటి గొట్టం తిరగకుండా రెండో చేత్తో పట్టుకోండి. ప్రతి బెజ్జానికీ రజను తుడవండి, గొట్టం కింద చిన్న పొట్టు ఇరుక్కున్నా లోతు తగ్గిపోతుంది.

వరంగల్ మే ఎండలో పైరేకును బయట ఉంచి, స్పార్‌ను షెడ్డులో ఉంచొద్దు. 20 డిగ్రీల తేడాకు 1.2 మీటర్ల అల్యూమినియం అర మిల్లీమీటరుకు పైనే సాగుతుంది, బెజ్జాలు కలవవు.

తల సాపుగానైనా ఉండాలి, వెంట్రుకవాసి పైకైనా ఉండాలి, లోపలికి మాత్రం దిగకూడదు. లోతెక్కువైన గుంతను లప్పంతో నింపితే బలం రాదు. అలాంటప్పుడు పెద్దదైన 1/8 రివెట్టుకు మారాలంటే మందం 0.040 ఉందా, బెజ్జం మధ్య నుంచి అంచుకు 5/16 అంగుళం ఉందా కొలిచి, కిట్ తయారీదారును అడగండి. ఈ రెంటిలో ఏది లేకున్నా ఆ ముక్కను మార్చాల్సిందే.