అమ్మ కేకు మళ్లీ చెయ్యాలంటే ముందు ఆ గ్లాసు వెతకండి

అమ్మ పోయాక ఆవిడ నోట్‌బుక్ చూసి కుక్కర్ కేకు చేద్దామని కూర్చున్నా, అందులో గ్లాసున్నర మైదా, ముప్పావు గ్లాసు పంచదార, మూడు గుడ్లు అని ఉంది, ఏ గ్లాసో రాయలేదు 😅 కాఫీ మగ్గుతో కొలిస్తే రెండుసార్లు రాయిలా వచ్చింది. తర్వాత అటక మీద సొట్టపడ్డ స్టీలు గ్లాసు దొరికింది, అదే.

కాబట్టి మీ ఇంట్లో కూడా ఆ గ్లాసో, సోలో, గరిటో పారెయ్యకముందే కిచెన్ స్కేల్ మీద పెట్టి జీరో చేసి అంచుదాకా నీళ్లు పొయ్యండి, ఎన్ని గ్రాములొస్తే అన్ని ఎంఎల్. మాది 210. మైదా, పంచదార మాత్రం మళ్లీ విడివిడిగా తూచాలి, అదే గ్లాసులో మైదా 110 గ్రాములే పట్టింది, పంచదార దగ్గర దగ్గర 180. ఇప్పుడు అమెరికాలో ఉన్న చెల్లి కూడా గ్రాముల లెక్కన ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర అదే కేకు చేస్తోంది. నేనైతే ఇంకా అమ్మలాగే, కుక్కర్ అడుగున ఇసుక పోసి, గ్యాస్కెట్టూ వెయిటూ తీసేసి (ఇది మర్చిపోవద్దు), పది నిమిషాలు వేడెక్కాక గిన్నె పెడతా.

ఇంకోటి, నూనె మరకలున్నాయని ఆ నోట్‌బుక్ పేజీలు లామినేషన్ చేయించకండి, మళ్లీ ఊడదీయలేం. ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేయండి చాలు. మా దాంట్లో ఇలాచీ పక్కన "నాన్నకి వద్దు" అని రాసుంది, టైపు చేస్తే అది పోయేది.